మేకుకు తగిలించిన మూత

"బండిలో దమ్ము లేదన్నా" అన్నాడు ఆ డ్రైవరు, తప్పు చేసినవాడిలా నేల చూస్తూ.

మొన్న కర్నూలు దాటాక ఒక బంకు దగ్గర నా లారీ ఆపి టైర్లు తట్టి చూసుకుంటున్నాను. పక్కన నిలబడి ఉన్న లారీ అతనిది. ఎత్తు రాగానే బండి లాగడం లేదట. ఓనరుకు ఫోన్ చేస్తే తిడతాడట. ఆ సంగతి నాకు చెప్పడానికి కూడా గొంతు పెగలడం లేదు. "గట్టిగా చెప్పప్పా! బండికి లేని సిగ్గు నీకేంటికి?" అని కసిరాను. కసిరాక గానీ ఆ మాట నాది కాదని గుర్తు రాలేదు. అది కడపలో డీజిల్ ఫిల్టర్లు అమ్మిన ఒక ముసలామె మాట. పోయిన ఎండాకాలం ఆమె చనిపోయింది. ఆమె మాట మాత్రం నా నోట్లో దర్జాగా కాపురం పెట్టింది.

ఆ డ్రైవరు బండికి పెద్ద జబ్బేమీ లేదు. ఫిల్టరు పూడిపోయింది, మార్చాం. పోతూ పోతూ "ఇయ్యన్నీ యాడ నేర్చుకున్నావన్నా?" అని అడిగాడు. కడపలో ఒక పెద్దమ్మ దగ్గర అన్నాను. నవ్వాడు. ఆడమనిషికి ఇంజను సంగతి ఏం తెలుసు అన్న నవ్వు అది. నాకు ఒళ్ళు మండింది. అప్పటికే లారీ కదిలిపోయింది గానీ లేకుంటే దింపి గంటసేపు వాయించేవాణ్ణి. అతనికి పెట్టాల్సిన ఆ వాయింపే ఇది అనుకోండి.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. కడప నుంచి రాయచోటి వైపు నాపరాళ్ళు మోసే డ్రైవర్లందరికీ ఆమె పెద్దమ్మ, అంతే. ఊరి బయట మెకానిక్ షెడ్ల వరుసలో చివరి గది ఆమె అంగడి. గోడల నిండా ఫిల్టర్ల డబ్బాలు, మధ్యలో కాళ్ళు ఊగే బల్ల, దాని మీద సొట్టలు పడ్డ పళ్ళెం, ఇనుము కోసే బ్లేడు. ఆమె నడుముకు ఒక పక్క వక్కాకు సంచి, ఇంకో పక్క ఆయాసానికి పీల్చుకునే మందు. చూడకుండానే చేయి పెట్టేది. మందు కోసం పోయిన చేతికి వక్కలు తగిలితే, "సరే, ఇదే కానీ" అని వక్కే నోట్లో వేసుకునేది.

మా వైపు 'దమ్ము' అనే మాట చాలా పనులు చేస్తుంది. ఊపిరీ దమ్మే, ధైర్యమూ దమ్మే, ఆయాసం జబ్బూ దమ్మే. బండి ఎత్తు ఎక్కలేకపోతే దానికి దమ్ము లేదంటాం. ఏ డ్రైవరు వచ్చి "బండిలో దమ్ము లేదు పెద్దమ్మా" అన్నా ఆమె జవాబు ఒకటే. "నాకే లేదు దమ్ము. ఇంగ దానికి యాడ్నుంచి తెచ్చిచ్చేదప్పా?" ఎన్నోసార్లు విన్నవాళ్ళు కూడా మళ్ళీ నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఆమెకు చెవుడు. అంటే, చెవుడని ఆమె చెప్పుకునేది. బండి జబ్బు చెప్పడానికి వచ్చిన మగవాళ్ళు ఎందుకో గుసగుసలాడతారు. ఓనరుకు తెలిస్తే ఏమంటాడో, పక్క డ్రైవరు వింటే ఏమనుకుంటాడో అని. ఆమె చెవి వెనక చేయి పెట్టుకుని "గట్టిగా చెప్పప్పా" అనేది. వాడు వరుసంతా వినపడేలా అరిచి చెప్పాల్సిందే. అరిచేదాకా ఫిల్టరు చేతికి వచ్చేది కాదు. అదే మనిషి, రోడ్డు మీద పోయే లారీ చప్పుడు విని, తల ఎత్తకుండానే "ఆ పొయ్యేదాని డీజిల్ పైపులో గాలి పట్టిండాది సూడు" అనేది. అంత చెవుడున్న మనిషికి అదెలా వినపడిందని అడిగితే, ఆ అడగడం వినపడేది కాదు.

నాకు తోచింది చెబుతాను. దమ్ము జబ్బు వల్ల ఆమె గొంతు లేచేది కాదు. లోకాన్ని అరిచి తిట్టాలని ఆమెకు ఎంత ఉండేదో ఆమె కళ్ళు చూస్తే తెలిసేది. తను అరవలేదు కాబట్టి అందరి చేతా అరిపించేది.

ఫిల్టరు కావాలని వస్తే ముందు పాతదాన్ని అడిగేది. తేనివాణ్ణి వెనక్కి పంపేది. తెచ్చినదాన్ని పళ్ళెంలో పెట్టి, చుట్టూ బ్లేడుతో కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి లాగి ఎండలో పరిచేది. కాగితం నల్లగా జిగురు పట్టి ఉంటే ట్యాంకు అడుగున మడ్డి చేరిందని అర్థం. తుప్పు రంగుంటే డీజిల్లో నీళ్ళు కలిశాయని. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గరగరమంటే రాళ్ళ యార్డు దుమ్ము. ఒకసారి నేను తెచ్చిన ఫిల్టరు కోసి పళ్ళెంలోకి వంచితే అంతా నీళ్ళే కారాయి. "నీ బండిలో ఉండే నీళ్ళు మా ఊరి చెరువులో కూడా లేవు కదప్పా" అంది. మీది ఏ ఊరు అని అడిగితే కోసిగి పక్క పల్లె పేరు చెప్పింది. నాదీ ఆ పక్కే. వానలు లేక జనం సుగ్గికి, అంటే దూరపు కోతల పనికి, వలసపోయే ఊళ్ళు. అంతకుముందే ఆమె నోట 'దుడ్లు' అన్న మాట విని నాకు అనుమానం వచ్చింది. కడపలో పైసల్ని దుడ్లు అనేవాళ్ళు ఎవరున్నారు?

కొత్త ఫిల్టరు ఎంచే దగ్గర ఆమె పెట్టే బాధ ఇంకో రకం. చవకది ఇమ్మంటే వెంటనే ఇచ్చేది కాదు. దాన్నీ మంచిదాన్నీ పక్కపక్కన విప్పి చూపించేది. మంచిదాంట్లో మడతలు దగ్గర దగ్గరగా, నిటారుగా ఉంటాయి. చవకదాంట్లో ఎడం ఎడంగా, వాలిపోయి ఉంటాయి. రెండు కాగితాల మీదా ఒక్కో నీటి చుక్క వేసేది. మంచి కాగితం మీద చుక్క గుండ్రంగా నిలబడేది. చవకదాని మీద ఇంకిపోయేది.

"కానీ పెద్దమ్మా, చవకది ఏస్తే బండి బాగా లాగుతాది గదా?" అన్నాడు ఒకసారి ఒక డ్రైవరు. అది నిజమే, మాకందరికీ తెలిసిన సంగతే.

"లాగుతాది. వాకిలి బార్లా తీసిపెడితే గాలి బాగానే వస్తాది. కుక్కలూ వస్తాయి. దుమ్మంతా పంపులోకి పొయ్యి దాన్ని తినిపెడితే అప్పుడు నా కాడికి రాబాక."

కొత్త ఫిల్టరు బిగించే ముందు నడిమి తూటులో డీజిల్ పోసేవాళ్ళంటే ఆమెకు మరీ మంట. అది వడకట్టిన డీజిల్ బయటికి వచ్చే దారి. అందులో పోసింది వడకట్టకుండానే నేరుగా పంపులోకి పోతుంది. "సుట్టూ ఉండే సిన్న తూట్లలో పొయ్యి. లేదంటే బిగిచ్చి, చేతిపంపు కొట్టి నింపుకో. అంత ఓపిక లేనోనివి స్టీరింగు ఏంటికి పట్టినావు?" అని, మళ్ళీ ఊపిరి కోసం ఆగి, మందు పీల్చుకుని, తిట్టు ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే అందుకునేది.

ఇక నా సంగతికి వస్తాను.

అప్పట్లో నేను ఒక నాపరాళ్ళ యార్డు ఓనరు దగ్గర డ్రైవరుగా ఉన్నాను. భూములున్న కుటుంబం, బోర్లు ఎండిపోయాక రాళ్ళ వ్యాపారంలోకి దిగారు. మనిషి చెడ్డవాడు కాదని అందరూ అంటారు. ఆ మాట నేననను. డ్రైవర్లు డీజిల్ దొంగిలిస్తున్నారని ఎవరో ఆయన చెవిలో వేశారు. వెల్డింగు మనిషిని పిలిపించి, నా లారీ ట్యాంకుకున్న కంపెనీ మూత తీయించి, మందపాటి ఇనుప మూత చేయించి పెట్టాడు. దానికి తాళం. రాళ్ళ దుమ్ము లోపలికి పోకుండా మూత కింద టైరు ట్యూబు ముక్క కోసి గట్టిగా బిగించారు. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. డీజిల్ పోయించేది ఆయన చెప్పిన బంకులో, ఆయన మనిషి ఎదుటే.

ఆ వారం నుంచే బండి మొండికేసింది. పొద్దున లోడుతో కడపలో బయలుదేరితే చక్కగా పరుగెత్తేది. గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యేసరికి నీరసం వచ్చేది. గేరు తగ్గించినా, కాలు అదిమిపెట్టినా మూలుగుతుందే తప్ప లాగదు. సగం ఎత్తులో ఆగిపోయేది. వెనక బస్సుల హారన్లు, మా అమ్మనూ నాయననూ కలిపి తిట్టే తిట్లు. చక్రాలకు రాళ్ళు పెట్టి కాసేపు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయి ఎక్కేది. ఒక మెకానిక్ ఫిల్టరు మార్చాడు. ఇంకొకాయన మళ్ళీ ఫిల్టరే మార్చి గాలి తీశాడు. పంపు విప్పాల్సిందే అని మరొకాయన. ఫిల్టరు విప్పిన ప్రతిసారీ ఆ చుట్టూ డీజిల్ కారి తడిగా ఉండేది.

ఓనరుకు ఆ తడి చాలు. నేను రోజూ ఘాట్లో ఆగుతున్నాను. ఫిల్టరు దగ్గర పైపులకు స్పానరు పెట్టిన గుర్తులున్నాయి. చిన్న గేర్లలో ఈడ్చుకుంటూ పోవడం వల్ల డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. పైన తాళం వేస్తే వీడు కింద పైపులోంచి తీసి అమ్ముకుంటున్నాడని ఆయన తేల్చేశాడు. ఒక పొద్దున యార్డులో, రాళ్ళెత్తే కూలీల ముందర, మిగతా డ్రైవర్ల ముందర, "నా డీజిల్ అమ్ముకోని తినే దొంగనాకొడుకు వీడు. ఈ లోడు దించొచ్చి తాళాలిచ్చి పోరా" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

నేను పోయి లారీ ఎక్కాను. నోరెత్తితే ఏడుపు వచ్చేటట్టుంది. మా నాయన సుగ్గికి పోయి గుంటూరు వైపు ఎవరెవరివో మిరప చేలల్లో కాయలు కోశాడు. ఒక్క మిరపకాయ కూడా జేబులో వేసుకుని రాలేదు. ఆయన కొడుకును నేను. డ్రైవరుకు దొంగ అన్న పేరు వస్తే లారీ కంటే ముందు ఆ పేరే ఊళ్ళు చేరుతుంది. ఇంకే ఓనరూ స్టీరింగు ఇవ్వడు. నాకు తెలిసిన పని అదొక్కటే.

ఆ లోడుతో పోతూ పెద్దమ్మ అంగడి ముందు ఆపాను. ఘాట్లో ఆగకుండా ఎక్కితే చాలు, ఒక్కసారైనా ఎక్కితే చాలు అని ఆశ. ఓనరును అడగకుండా నా చేతి డబ్బుతోనే ఫిల్టరు కొందామని పాతది విప్పి పట్టుకెళ్ళాను. ఆమె కోసింది. కాగితం లాగి ఎండలో పెట్టింది. నా ముఖం చూసింది.

"ఇది నిన్న ఏసినట్లుండాది కదప్పా. ఎవురు మార్చమన్న్యారు?"

నేనేదో గొణిగాను.

"గట్టిగా చెప్పు."

"దొంగంటాన్నాడు పెద్దమ్మా!" అని అరిచాను. "ఓనరు నన్ను దొంగంటాన్నాడు. నేను డీజిల్ అమ్ముకోలేదు. బండి ఎక్కలేదు, అందుకే ఆపినా. బండి ఎక్కలేదు!"

వరుసలో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఆమె మాత్రం కాగితాన్ని మడిచి పళ్ళెంలో పెట్టింది. "నీకు ఫిల్టరు అమ్మను పో" అంది. "ఫిల్టరుకేం రోగం లేదు. పొద్దున బాగుంటాది, పోనుపోను సస్తాది, కూకోబెడితే మల్ల లేస్తాది. అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

లేచింది. బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని, నా లారీ దాకా వచ్చింది. ట్యాంకు మీద అరచేత్తో తట్టింది. ట్యాంకు పక్క రేకు లోపలికి వంగి ఉంది. లోడింగులో బండ తగిలి సొట్ట పడిందనుకుని నేను పట్టించుకోలేదు.

"బండ తగిల్తే ఒక సోట పడతాది సొట్ట. దీన్ని సూడు. కరువులో మనోళ్ళ కడుపు మాదిరి అంతా లోపలికి పీక్కపోయిండాది. మూత తియ్యి."

తాళంచెవి ఓనరు దగ్గరుందని చెప్పాను. ఆమె ఆ ఇనుప మూతను, తాళాన్ని, మూత అంచున బయటికి కనిపిస్తున్న ట్యూబు ముక్కను వేలితో తడిమింది. తడుముతూ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. మందు పీల్చుకుని, చక్రం మీద చేయి వేసి నిలబడి అప్పుడు చెప్పింది.

"కంపెనీ మూతకు సన్న తూటుంటాదప్పా. డీజిల్ తగ్గేకొద్దీ ఆ తూటులో గాలి లోపలికి పోవాల. మీవోడు ట్యూబేసి బిర్రుగా మూసిపెట్టినాడు. లోపల గాలి లేక ట్యాంకు డీజిల్‌ను ఎనక్కి పీక్కుంటాది, పంపును తాగనియ్యదు. కాసేపు కూకోబెడితే ఎట్లో రవ్వంత గాలి దూరి మల్ల లేస్తాది. ముక్కూ నోరూ మూసి ఘాటెక్కమంటే ఎవురెక్కుతారు? నేనెక్కుతానా?"

మూత పగలగొట్టమంది. "వద్దు పెద్దమ్మా. తాళం పగిలితే నేను దొంగనని నేనే ఒప్పుకున్నట్లయితాది."

"నువ్వు ముట్టుకోబాక. నేను పగలగొడతా. నన్నంటాడేమో సూద్దాం దొంగ అని."

లోపలికి పోయి సుత్తి తెచ్చింది. పక్క షెడ్డు మెకానిక్ సాయానికి వస్తే చేత్తో అవతలికి నెట్టేసింది. ఒక దెబ్బ కొట్టేది, ఆగేది, ఊపిరి తీసుకునేది. మళ్ళీ కొట్టేది. చూస్తున్న మాకు ఊపిరాడలేదు గానీ ఆమె ఆపలేదు. చివరికి తాళం ఊడి కింద పడింది. మూత ఎత్తేసరికి హుస్సుమని ఎంతసేపు గాలి పీల్చుకుందో ఆ ట్యాంకు! ఆ తర్వాత లోపలికి పోయిన రేకు టప్పుమని బయటికి తన్నుకుంది. మెకానిక్కులు ఈలలు వేశారు. ఈ చెవిటామె తల వంచి ఆ చప్పుడంతా విని, "ఎంత కాలం బిగబట్టుకోనుండాదో పాపం" అంది. తను కోసిన ఫిల్టరుకు బదులు ఒకటి ఊరికే ఇచ్చి బిగింపించి, ట్యాంకు మూతికి పల్చటి గుడ్డ వదులుగా కట్టి, "పో. ఎక్కి, దించి, తిరుక్కోని రా" అంది. ఓనరుకు కబురు కూడా ఆమే పంపింది, నీ తాళం నేను పగలగొట్టినా, వచ్చి తీసుకపో అని.

ఆ రోజు ఘాట్ ఎక్కిన సంగతి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. రోజూ ఆగే మలుపు వచ్చింది. పోయింది. రోజూ రాళ్ళు పెట్టే చోటు వచ్చింది, నా రాళ్ళు అక్కడే పడి ఉన్నాయి, వాటినీ దాటాను. క్యాబిన్లో ఒక్కణ్ణే కేకలు పెట్టాను. లోడు దించి తిరిగి వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కొన్నాను. తనకు తీపి పడదని చెప్తూనే పెద్దమ్మ అంతా తినేసింది.

ఆమె కోవా తింటుండగానే ఓనరు వచ్చాడు. వస్తూనే "ఎవురు పగలగొట్టింది నా తాళం?" అన్నాడు. ఆమె చేయి ఎత్తింది. ఆయన ట్యాంకు చూశాడు, మూత చూశాడు, కింద ట్యూబు ముక్క చూశాడు. మెకానిక్కులు చెప్పింది విన్నాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు ఆయన చెవులు ఎర్రబడ్డంలోనే తెలిసింది.

"సరేలేమ్మా, తెలీక జరిగింది. రేపట్నుంచి బండెక్కురా" అన్నాడు నా వైపు తిరిగి.

"బండి సంగతి కాదప్పా" అంది పెద్దమ్మ. "యార్డులో ఒక మాటన్నావంట. దొంగ అని. దొంగ కాదు అని ఆ యార్డులోనే, వాళ్ళందరి ముందర చెప్పు."

"డ్రైవరుకు నేను సారీ చెప్పల్లా?"

"సారీ ఎవురడిగినారు? నీ సారీ వీడేం జేసుకోను? దొంగ కాదు అను. సాలు."

"నువ్వు ఫిల్టర్లమ్ముకుంటే అమ్ముకోమ్మా. నా యార్డులో నేనేం మాట్లాడాల్నో నాకు నేర్పించొద్దు" అని ఆయన వెళ్ళిపోయాడు. కోపంలో మూత మర్చిపోయాడు. ఆమె ఆ మూతను తాళంతో సహా బల్ల పైన, క్యాలెండరు పక్కన మేకుకు తగిలించింది. ఆ ఒక్క మాట అననివాడి బండి ఇంక ఎక్కనని లారీ తాళాలు నేను ఆ సాయంత్రమే యార్డులో ఇచ్చేశాను.

అనుకున్నట్టే పేరు నాకంటే ముందు నడిచింది. యార్డుల్లో గేటు దగ్గరే "నువ్వేనా ఆ డీజిల్ కేసు?" అని అడిగి పంపేశారు. ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో చెప్పను. పెద్దమ్మ మాత్రం తన పని మొదలుపెట్టింది. అంగడికి ఎవరొచ్చినా ఆ మూత కనిపిస్తుంది కదా, ఇదేంది పెద్దమ్మా అని అడుగుతారు కదా. పాత ఫిల్టరు కోస్తూ, ఆయాసపడుతూ, కథంతా చెప్పేది. నా పేరు చెప్పేది, ఆయన పేరూ చెప్పేది. విన్నవాళ్ళు బయటికి పోయి ముందు తమ ట్యాంకు మూతలు చూసుకునేవాళ్ళు. కర్నూలు నుంచి వచ్చిన ఒక ఓనరు కథ విని పడీపడీ నవ్వి, "ఆ డ్రైవరును నాకియ్యమ్మా" అన్నాడట. అట్లా నాకు మళ్ళీ స్టీరింగు దొరికింది. తర్వాత నా సొంత లారీ వచ్చింది.

పాత ఓనరు బండ్లకు మాత్రం ఆమె ఫిల్టరు అమ్మలేదు. వేరేవాళ్ళ చేత అడిగించినా, పాత ఫిల్టరులో చేరిన ఆయన యార్డు నీలి రాళ్ళ దుమ్ము వేలికి రాసుకుని "ఈ దుమ్ము నాకు తెలుసు, పో" అనేది. ఆయనకు ఫిల్టర్లు ఇంకెక్కడా దొరకవని కాదు. కానీ ఆ మూత కథ లారీలెక్కి ఊరూరా తిరిగింది. లారీ ఓనర్ల సంఘంలో పెద్ద పదవికి నిలబడాలనుకున్నప్పుడు ఆయనే స్వయంగా వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. బల్ల మీదికి వంగి, ఆ మూత తీసెయ్యమ్మా, నవ్వులపాలైతాండా అని చెవిలో అన్నాడు.

ఆమె చెవి వెనక చేయి పెట్టుకుంది. "గట్టిగా చెప్పప్పా. నాకు వినపడదు."

ఆయన పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేనూ ఒక తెలివితక్కువ మాట అన్నాను. "పోనీ తీసెయ్యి పెద్దమ్మా. నాకు పని దొరికింది గదా" అని. ఆమె నా వైపు చూసిన చూపు నేను మరవను. "పని దొరికింది నీకు. వాడన్న మాట ఇంగా ఆ యార్డులోనే పడుండాది. దాన్ని ఎవురు ఎత్తుకరావాల? నేను పోయి ఎత్తుకరావాల్నా?" అంది. నేను కొన్న ఫిల్టరు బల్ల మీద పడేసిందే గానీ చేతికివ్వలేదు.

దమ్ము ముదిరాక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డీజిల్ వాసనా రాళ్ళ దుమ్మూ వదిలి ఇంటిపట్టున ఉండమన్నారు. సరే సరే అని తలూపింది. తిరిగి వస్తూ నా క్యాబిన్లో కూర్చుని, "ఇంట్లో కూకోని ఎవుర్ని తిట్టేదప్పా?" అంది. మర్నాడు అంగడి తెరిచింది. ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. ఆపాలని నేను గట్టిగా ప్రయత్నించానని కూడా చెప్పలేను. ఆ బల్ల వెనక లేని పెద్దమ్మను నేను ఊహించుకోలేకపోయాను.

పోయిన ఎండాకాలం ఆ అంగడి ముందే ఆమెను బెంచీ మీద పడుకోబెట్టాం. వరుస మొత్తం పని ఆపింది. రోడ్డుకు రెండు పక్కలా లారీలు నిలిచిపోయాయి. నాపరాళ్ళ లోడుతో ఉన్నవాళ్ళు లోడుతోనే ఆగారు. ఆ గుంపులోంచి దండ పట్టుకుని పాత ఓనరు వచ్చాడు. తల నెరిసిపోయింది, మనిషి చిక్కిపోయాడు. దండ వేయబోతూ తల ఎత్తి లోపలికి చూశాడు. మూత ఆ మేకుకే ఉంది.

ఆయన దండ వేయలేదు. నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా భుజం దగ్గర నిలబడి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు. "అప్పుడేదో అయిపాయప్పా. నువ్వు దొంగవని నేను ఆ పొద్దు గూడా అనుకోలేదు. పెద్దామె కూడా పాయ. ఇంగ మనసులో పెట్టుకోబాక."

శవం ముందు ఏం మాట్లాడతాం, పోనీలే అనుకున్నాను ఒక్క క్షణం. అప్పుడు ఆమె ముఖం కనిపించింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో అడగబోతున్నట్టు. నాకు తెలియకుండానే నా చేయి చెవి వెనక్కి పోయింది.

"గట్టిగా చెప్పన్నా" అన్నాను. "పెద్దమ్మకు చెవుడు."

అక్కడున్న ప్రతి డ్రైవరుకూ ఆ మూత కథ తెలుసు. ఆయన వాళ్ళందరినీ చూశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. పోలేదు. బెంచీ దగ్గరికి పోయి, గొంతు సవరించుకుని, "ఈ మనిషి దొంగ కాదు" అన్నాడు.

"వినపడలే" అన్నారు వెనక లారీల దగ్గరినుంచి ఎవరో. ఆ అన్నది నేను కాదు.

"ఈ మనిషి దొంగ కాదు!" అని అరిచాడు ఆయన. "నా డీజిల్ ఒక సుక్క కూడా ముట్టలే! నేనే తప్పుమాటన్న్యా!" అరిచేసరికి దగ్గు వచ్చింది. ఇన్నేళ్ళ రాళ్ళ దుమ్ము ఆయన రొమ్ములోకీ పోయినట్టుంది. వంగి, మోకాలి మీద చేయి పెట్టుకుని, ఊపిరి కోసం తడుముకున్నాడు.

నేను ఆయన్ని క్షమించాననుకోవద్దు. క్షమాపణ ఎవరూ అడగలేదు, పెద్దమ్మ అడిగింది ఒక్క మాటనే. ఆ మాట వచ్చింది. నేను లోపలికి పోయి మేకు నుంచి మూత తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఒక చేతిలో ఇనుప మూత, ఇంకో చేతిలో పూలదండ పట్టుకుని ఏం చేయాలో తెలియక ఆయన అలాగే నిలబడిపోయాడు.

"మూత కింద పెట్టన్నా" అన్నాను. "ముందు దండ ఎయ్యి."